మార్చిన కిడ్నీ, మానేసిన మాత్ర

కిడ్నీ మార్పిడి చేయించుకున్న మనిషి రోజుకు రెండు పూటలు మాత్రలు మింగాలి. పొద్దున ఎనిమిదికి ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి. ఏడాదికి 730 పూటలు. ఇరవై ఏళ్లకు కిడ్నీ పెట్టించుకున్న కుర్రాడికి ముప్పై అయిదు వచ్చేసరికి ఆ లెక్క పదకొండు వేలకు దగ్గర పడుతుంది. వీటిలో ఎన్ని పూటలు తప్పాయన్న దాన్ని బట్టే ఆ కిడ్నీ అయిదేళ్లు ఉంటుందా, ఇరవై ఏళ్లు ఉంటుందా అన్నది చాలావరకు తేలుతుంది. సర్జన్ హస్తవాసి, ఆసుపత్రి పేరు, ఆపరేషన్ రోజు పడ్డ టెన్షన్, ఇవన్నీ మొదటి ఏడాది దాటాక వెనకబడిపోతాయి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో క్రియాటినిన్ అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కిడ్నీ వడపోత తగ్గేకొద్దీ రక్తంలో పెరిగే వ్యర్థం అది. "ఎంతుంది?" అని అడిగితే ఏ అంకె గురించి అడుగుతున్నారో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య ఈ జబ్బు దశాబ్దాలుగా ఉంది. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ఉద్దానంలో పరీక్షించిన పెద్దవాళ్లలో సుమారు అయిదో వంతు మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేల్చింది. వాళ్లలో ఎక్కువమందికి షుగరు, బీపీ వంటి తెలిసిన కారణాలేవీ లేవు. నీళ్లలోని సిలికా, పురుగుమందులు, ఎండలో ఒళ్లు ఆరిపోయేలా పని, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం, ఇలా అనుమానాల జాబితా పెద్దదే. ఖాయంగా ఇదీ కారణమని మాత్రం తేలలేదు.

అందుకే ఉద్దానం మీద మాట్లాడేటప్పుడు చర్చంతా జబ్బు ఎందుకొచ్చింది, నీళ్లెప్పుడిస్తారు, డయాలసిస్ పడకలు ఎన్ని అన్న మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. వీటిలో కొన్నిటికి జవాబులు కదిలాయి కూడా. పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం, హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. నాలుగో ప్రశ్న ఒకటుంది. కష్టమో నష్టమో పడి కిడ్నీ మార్పించుకుని ఊరికి తిరిగొచ్చిన కుర్రాడి సంగతి ఏమిటి? దాని గురించి మాట తక్కువ. ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంక గండం గట్టెక్కినట్టే అనుకుంటారు.

ఇక్కడ ఒక మాట. కుర్రవాళ్లలో కిడ్నీలు చెడటమంతా ఉద్దానం జబ్బు కాదు. ఆ జబ్బు ఎక్కువగా పనిచేసే వయసులో ఉన్న రైతుల్ని, కూలీల్ని పట్టుకుంటుంది. చిన్నపిల్లల్లో, టీనేజీ వాళ్లలో పుట్టుకతో వచ్చే మూత్రనాళ లోపాలు, మూత్రంలో ప్రొటీను కారిపోయే నెఫ్రోటిక్ జబ్బులు, సకాలంలో కనిపెట్టని కిడ్నీ వాపులు ముఖ్య కారణాలు. విజయనగరంలోనైనా, విశాఖలోనైనా ఇవి ఉండేవే. కారణం ఏదైనా కిడ్నీ మార్చాక అందరి దారీ ఒకటే.

ఆ దారిలో మాత్రల పని ఏమిటో ముందు తెలియాలి. 1954 డిసెంబరులో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే చేసిన మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడికి మాత్రలే అవసరం కాలేదు. దాత, గ్రహీత ఇద్దరూ ఒకే అండం నుంచి పుట్టిన కవలలు. ఒకరి కిడ్నీని ఇంకొకరి దేహం తనదే అనుకుంది. అంతటి అదృష్టం ఎందరికుంటుంది? అమ్మ ఇచ్చిన కిడ్నీ అయినా దేహం దృష్టిలో పరాయిదే. అమ్మ నుంచి సగమే వస్తుంది, మిగతా సగం నాన్నది. రక్తంలో కాపలా తిరిగే టి-కణాలు ఆ తేడాను పట్టేసి దాడికి దిగుతాయి. వాటిని నిద్రపుచ్చకుండా, చంపకుండా, కాస్త మందగించేలా చేయడమే ఈ మందుల పని. 1960ల మొదట్లో అజాథయోప్రిన్, స్టెరాయిడ్లు వచ్చాయి. మన దేశంలో మొదటి విజయవంతమైన మార్పిడి 1971లో వెల్లూరు సీఎంసీలో జరిగింది ఆ మందుల కాలంలోనే. నార్వే మట్టిలోని ఒక బూజు నుంచి తీసిన సైక్లోస్పోరిన్ 1983లో అమెరికాలో అనుమతి పొందింది. మరుసటి ఏడాది జపాన్‌లోని త్సుకుబా ప్రాంతపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి టాక్రోలిమస్ బయటపడింది. ఇవాళ ఎక్కువమంది మింగేది ఈ టాక్రోలిమస్‌నే. దానితో పాటు మైకోఫెనోలేట్, కొద్ది మోతాదులో స్టెరాయిడ్. ఆసుపత్రి వరండాల్లో వీటిని "టాక్రో", "మైకో" అనే పిలుచుకుంటారు.

టాక్రోలిమస్ పెద్ద పేచీకోరు మందు. రక్తంలో ఎక్కువైతే చేతులు వణుకుతాయి, షుగరు వస్తుంది, ఏ కిడ్నీని కాపాడాలో ఆ కిడ్నీకే దెబ్బ తగులుతుంది. తక్కువైతే కాపలా కణాలు లేస్తాయి. మధ్యలో సందు చాలా సన్నం. మొదటి నెలల్లో మిల్లీలీటరు రక్తంలో ఇంచుమించు 8 నుంచి 12 నానోగ్రాములు, తర్వాత 5 నుంచి 8 ఉండేలా డాక్టర్లు చూస్తారు. ఒకే మోతాదు ఇద్దరికిస్తే ఇద్దరి రక్తంలో రెండు రకాల అంకెలు వస్తాయి. ఈ మందును అరగదీసే ఎంజైమ్ కొందరి పేగుల్లో, లివర్లో చురుగ్గా ఉంటుంది, కొందరిలో దాదాపు ఉండదు. అందుకే పక్కింటాయన మోతాదుతో పోల్చుకోవడం వల్ల ప్రయోజనం లేదు. ఎవరి లెవెల్ వాళ్లు చూపించుకోవాల్సిందే.

ఈ లెవెల్ పరీక్ష దగ్గరే శ్రీకాకుళం భూగోళం అడ్డొస్తుంది. రక్తం తీయాల్సింది పొద్దుటి మాత్ర మింగకముందు, రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు. రాత్రి ఎనిమిదికి మింగినవాడి రక్తం పొద్దున ఎనిమిదికి తీస్తేనే ఆ అంకెకు అర్థం. ఇచ్ఛాపురం నుంచి విశాఖకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. పొద్దున ఎనిమిదికి అక్కడి లేబులో చెయ్యి చాపాలంటే రాత్రి రైలెక్కాలి, లేదా ముందురోజే వెళ్లి ఎవరింట్లోనో తలదాచుకోవాలి. తెల్లారి బండెక్కి పదకొండు గంటలకు చేరినవాడికి రెండు దారులే. మాత్ర మింగకుండా మూడు గంటలు ఆలస్యం చేయడం, లేదా మింగేసి రక్తం ఇవ్వడం. మొదటి దారిలో లెవెల్ ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది, రెండో దారిలో ఎక్కువ కనిపిస్తుంది. ఆ తప్పుడు అంకెను చూసి మోతాదు మారిస్తే జరిగే నష్టం కుర్రాడి ఖాతాలోనే పడుతుంది. వెంట వచ్చిన తండ్రికి ఒక రోజు కూలి పోతుంది, ఇద్దరికీ చార్జీలు, భోజనాలు. నెలకోసారి చేయించమన్న పరీక్ష మూడు నెలలకోసారి అవుతుంది. అది నిర్లక్ష్యం అనడం తేలిక.

నిర్లక్ష్యం అన్న మాట కుర్రవాళ్ల విషయంలో మరీ తొందరగా వాడేస్తారు. దానికి పైకి చూస్తే ఆధారం కూడా ఉంది. మాంట్రియల్‌లోని బెథనీ ఫాస్టర్ బృందం 2011లో అమెరికా మార్పిడి రికార్డులను వయసుల వారీగా విడదీసి చూసింది. కిడ్నీ పోయే ప్రమాదం 17 నుంచి 24 ఏళ్ల మధ్య వాళ్లు చూసిన మిగతా వయసుల కంటే ఎక్కువగా ఉంది. అందులో ఆసక్తికరమైన సంగతి వేరే ఉంది. ఎనిమిదో ఏట కిడ్నీ పెట్టించుకున్న పిల్లకైనా, పద్దెనిమిదో ఏట పెట్టించుకున్న కుర్రాడికైనా ఆ వయసు వచ్చేసరికి ప్రమాదం పెరిగింది. అంటే లోపం ఆపరేషన్‌లో లేదు, ఇచ్చిన కిడ్నీలో లేదు, ఆ వయసులోనే ఏదో ఉంది. మందులు సరిగ్గా వేసుకోకపోవడం చిన్నపిల్లల్లో నూటికి ఇరవై పైచిలుకు ఉంటే టీనేజీలో నలభై దాటుతుందని అప్పటికే వచ్చిన పరిశోధనల్ని గుదిగుచ్చిన సమీక్షలు చెప్పాయి.

ఆ వయసులో ఏముందో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు, ఏ వీధిలోనైనా చూడొచ్చు. పదో తరగతి దాకా మాత్ర అమ్మ చేతిలో ఉంటుంది. అన్నం పెట్టే ముందు గంట చూసి మరీ నోట్లో వేస్తుంది. టెన్త్ అవగానే ఇంటరు, హాస్టలు. రాత్రి ఎనిమిదికి స్టడీ అవర్. అందరి ముందు డబ్బా తీసి నాలుగైదు బిళ్లలు మింగితే "ఏంట్రా అవి?" అన్న ప్రశ్న తప్పదు. కొందరు బాత్రూమ్‌కి వెళ్లి వేసుకుంటారు, కొందరు స్టడీ అవర్ అయ్యాక వేసుకుందామనుకుని నిద్రపోతారు. డిగ్రీ అయ్యాక హైదరాబాదో, చెన్నయో, భువనేశ్వరో. షిఫ్టులు మారే ఉద్యోగంలో పన్నెండు గంటల లెక్క ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ముగుస్తుంది? మందు పొట్ట ఖాళీగా ఉన్నప్పుడు, లేదా రోజూ ఒకే తీరుగా వేసుకోవాలి. మెస్ టైములు మన చేతిలో ఉండవు.

అద్దం ఇంకో శత్రువు. స్టెరాయిడ్ వల్ల ముఖం ఉబ్బుతుంది, మొటిమలు వస్తాయి, చిన్న వయసులో ఎక్కువకాలం వాడితే ఎదుగుదల తగ్గుతుంది. సైక్లోస్పోరిన్ వాడేవాళ్లకు చిగుళ్లు వాస్తాయి, ముఖం మీద నూగు ఒత్తుగా పెరుగుతుంది. టాక్రోలిమస్‌తో కొందరికి జుట్టు రాలుతుంది. పదహారేళ్ల అమ్మాయికి ఇవన్నీ ఒకేసారి ఎదురైతే ఏ మాత్ర వల్ల ముఖం ఉబ్బిందో కనిపెట్టడానికి రెండు నిమిషాలు చాలు. ఆ మాత్రను సగం చేసి మింగుతుంది, లేదా పెళ్లిళ్ల సీజన్లో రెండు వారాలు ఆపి చూస్తుంది. ముఖం కాస్త దిగుతుంది. ఇంకేమీ జరగదు.

ఇంకేమీ జరగకపోవడమే ఈ కథలో అసలైన దెబ్బ. షుగరు మాత్ర మానేస్తే నాలుగు రోజుల్లో నీరసం తెలుస్తుంది. డయాలసిస్ ఒక వారం మానేస్తే ఆయాసం వచ్చి ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. టాక్రోలిమస్ మానేస్తే ఒంటికి హాయిగానే ఉంటుంది. వణుకు తగ్గుతుంది, ఆకలి సర్దుకుంటుంది. లోపల కాపలా కణాలు మెల్లిగా కొత్త కిడ్నీని గుర్తుపడతాయి. దాని మీద దాతకు చెందిన గుర్తులను పట్టుకుని యాంటీబాడీలు తయారవుతాయి. ఒకసారి తయారయ్యాక అవి సులువుగా పోవు, తర్వాత మాత్రలు క్రమం తప్పకుండా వేసుకున్నా రక్తనాళాలను కొరుకుతూనే ఉంటాయి. క్రియాటినిన్ కదిలేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. అప్పుడు బయాప్సీ తీస్తే మచ్చలు కనిపిస్తాయి. మచ్చను మాన్పే మందు లేదు. ఎప్పుడో మూడేళ్ల కిందట హాస్టల్లో తప్పిన మాత్రలకు ఇప్పుడు మూల్యం పడుతుందన్న సంగతి ఆ కుర్రాడికి నమ్మబుద్ధి కాదు. పాపం, నమ్మేలా ఏమీ లేదు కూడా.

కెనడాలోని ఎడ్మంటన్ పరిశోధకులు 2012లో ప్రచురించిన పరిశీలనలో రిజెక్షన్ వల్ల, అంటే దేహం తిప్పికొట్టడం వల్ల, కిడ్నీ పోయినవాళ్లలో దాదాపు సగం మంది మాత్రలు సరిగ్గా వేసుకోని వాళ్లేనని వైద్యులు అప్పటికే గుర్తించి ఉన్నారు. గుర్తించని వాళ్లను కలిపితే ఆ వాటా ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదు. ఎందుకంటే పరీక్షకు రెండు రోజుల ముందు మాత్రలు బుద్ధిగా వేసుకోవడం, పరీక్షల ముందు పుస్తకం తెరవడం లాంటిదే. అంకె బాగా వస్తుంది. అందుకే ఇప్పుడు డాక్టర్లు ఒక్క అంకెను నమ్మరు. ఏడాదిలో వచ్చిన అంకెలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. 6, 7, 6 అంటే సరే. 9, 3, 11, 4 అంటే మధ్యలో ఏదో జరుగుతోంది.

అయితే అంకెలు ఎగిరెగిరి పడటానికి ఎప్పుడూ మాత్ర ఎగ్గొట్టడమే కారణం కాదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఒళ్లు వెచ్చబడితే మొదటి మెట్టు ఆర్‌ఎంపీ. ఆయన ఇచ్చే ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్స్ గానీ, తామరకు ఇచ్చే ఫ్లూకొనజోల్ గానీ టాక్రోలిమస్ అరుగుదలను ఆపేస్తాయి. లెవెల్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ దీనికి పూర్తిగా రివర్సు. మందును అంత వేగంగా అరగదీస్తుంది కాబట్టి మోతాదు ఎన్ని రెట్లు పెంచినా అందుకోవడం కష్టం. మన ప్రాంతంలో టీబీ ఎంత మామూలో, రోగనిరోధక శక్తి తగ్గించిన ఒంట్లో అది ఎంత సులువుగా నిద్ర లేస్తుందో తెలిసిందే. ఒళ్లునొప్పులకు పొడిచే డైక్లోఫెనాక్ సూది నేరుగా కిడ్నీకే చేటు. విరేచనాలు పట్టుకుంటే టాక్రోలిమస్ లెవెల్ పెరుగుతుంది, అసలు ఆ విరేచనాలు తెచ్చేది చాలాసార్లు మైకోఫెనోలేటే. పండ్లలో పంపర పనస పనికిరాదు. విదేశీ పుస్తకాల్లో గ్రేప్‌ఫ్రూట్ అని రాసేది దీని సంకరమే, రెండింట్లోనూ ఎంజైమును ఆపే పదార్థం ఉంది. ఎవరో చెప్పారని తాగే పసర్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఏ పసరులో ఏముందో లేబు కూడా చెప్పలేదు. కాబట్టి ఉద్దానంలో మార్పిడి అయిన మనిషికి ఏయే మందులు కూడవో రాసిన కాగితం ఆయనకు కాదు, ఊళ్లో ఆర్‌ఎంపీకీ, మందుల షాపుకీ ఇవ్వాలి.

ఇప్పుడు డబ్బు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైంది మూడు జిల్లాల్లో. అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. అంటే ఈ జిల్లాకు ఆ కార్డు అందరికంటే ముందు వచ్చింది. ఆ పథకం జాబితాలో కిడ్నీ మార్పిడి ఆపరేషన్‌కు ప్యాకేజీ పెట్టారు, దాని తర్వాత మందులకు మొదటి ఆరు నెలలకు ఒకటి, తర్వాతి ఆరు నెలలకు ఒకటి ప్యాకేజీలు పెట్టారు. పేద దేశంలో ఇది చిన్న విషయం కాదు. కానీ లెక్క ఏడాదికి కట్టారు, కిడ్నీ లెక్క ఇరవై ఏళ్లది. డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల పింఛను ఉంది. 2024 జులై నుంచి అవయవ మార్పిడి చేయించుకున్న వారి పింఛను 5 వేల నుంచి 10 వేలకు పెరిగింది. ఇది కచ్చితంగా ఊరటే. అయితే పింఛను ఇంటి డబ్బుల్లో కలిసిపోతుంది. చెల్లి ఫీజు, జీడి పిక్కల ధర పడిపోయిన ఏడాది అప్పు వడ్డీ, అన్నీ ఆ చేతిలోంచే పోవాలి. నెలకు కొన్ని వేలు పలికే మాత్రల్లో ఏది వాయిదా వేసినా ఆ పూటకు ఏమీ జరగదన్నది పైన చూసిందే. అప్పు వడ్డీ వాయిదా వేస్తే మాత్రం మర్నాడే మనిషి ఇంటికొస్తాడు.

ఇదే తప్పు అమెరికా ఏళ్ల తరబడి చేసింది. అక్కడ 1972 చట్టంతో కిడ్నీ పూర్తిగా చెడిన వాళ్లకు డయాలసిస్ ఖర్చు ప్రభుత్వ బీమా భరించడం మొదలైంది. మార్పిడి ఆపరేషన్ ఖర్చు కూడా. మార్పిడి తర్వాత మందులకు మాత్రం చాలాకాలం 36 నెలల గడువు పెట్టింది. 65 ఏళ్లు దాటినవాళ్లకు, వికలాంగులకు ఆ గడువు లేదు. అంటే గడువు తగిలింది సరిగ్గా కుర్రవాళ్లకే. మూడేళ్లు నిండాక ఉద్యోగం, బీమా లేని కుర్రాడు మాత్రలు తగ్గించుకునేవాడు, కిడ్నీ పోయేది, మళ్లీ డయాలసిస్‌కి ఎక్కేవాడు. మాత్రలకు డబ్బులివ్వనన్న ప్రభుత్వమే అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన డయాలసిస్‌కు జీవితాంతం ఇచ్చేది. ఎంత లెక్కలు వచ్చిన దేశమో! ఆ గడువు ఎత్తేసే చట్టం 2020 డిసెంబరులో వచ్చింది, 2023 జనవరి 1 నుంచి అమలైంది. యాభై ఏళ్లు పట్టింది. ఆ యాభై ఏళ్ల పాఠం శ్రీకాకుళానికి ఉచితంగా దొరుకుతోంది. మందులు డబ్బు రూపంలో కాక మందుల రూపంలోనే, ఎంతకాలం కిడ్నీ ఉంటే అంతకాలం ఇస్తే ఖర్చు తగ్గుతుందే గానీ పెరగదు.

డబ్బొక్కటే సరిపోదని కూడా ఒప్పుకోవాలి. ఇంగ్లండులో మందులు ఉచితంగా దొరికే వ్యవస్థలోనే కుర్రవాళ్ల కిడ్నీలు పోతూ ఉండేవి. పిల్లల విభాగం నుంచి పెద్దల విభాగానికి పంపేటప్పుడు ఒక ఉత్తరం రాసి పంపేసేవాళ్లు. ఆక్స్‌ఫర్డ్‌లో పాల్ హార్డెన్ బృందం దీన్ని మార్చింది. పిల్లల డాక్టరు, పెద్దల డాక్టరు కలిసి కూర్చునే క్లినిక్ పెట్టారు. ఆసుపత్రిలో కాకుండా కుర్రవాళ్లు వచ్చే చోట నడిపారు, వాళ్లతో మాట్లాడటానికి ఒక యువ కార్యకర్తను పెట్టారు. 2012లో వాళ్లు ప్రచురించిన అంకెల ప్రకారం అంతకుముందు నేరుగా పంపిన తొమ్మిది మందిలో ఆరుగురి కిడ్నీలు పోయాయి. కొత్త పద్ధతి వచ్చాక పన్నెండు మందిలో ఒక్కటీ పోలేదు. చిన్న అంకెలే, వాటి మీద మేడలు కట్టలేం. అయినా ఆ కుర్రవాళ్లు మారిపోలేదు, వాళ్ల వయసు మారలేదు, వాళ్లను పలకరించే తీరు మారింది. ఉత్తరాంధ్రలో ఆ ఉత్తరం రాసే పిల్లల కిడ్నీ డాక్టరే అరుదు. చాలామంది పిల్లలు మొదటి నుంచీ పెద్దల ఓపీలోనే, అరవై ఏళ్ల వాళ్ల మధ్యనే లైన్లో నిలబడతారు. అక్కడ డాక్టరు మాట్లాడేది వెంట వచ్చిన తండ్రితో. "మాత్రలు వేసుకుంటున్నాడా?" అంటే "వేసుకుంటున్నాడండీ" అంటాడు తండ్రి. కుర్రాడు నేల చూస్తుంటాడు.

అమ్మాయిల విషయంలో ఆ నేలచూపు వెనక ఇంకో బరువుంది. సంబంధాలు చూసేటప్పుడు కిడ్నీ మార్చిన సంగతి చెప్పాలా వద్దా అన్నది ఇంట్లో పెద్ద తర్జనభర్జన. చెప్పకుండా పెళ్లి చేస్తే కొత్త ఇంట్లో రాత్రి ఎనిమిదింటి మాత్ర దాచుకుని మింగాలి. అంతకంటే ప్రమాదం మైకోఫెనోలేట్. గర్భంలోని బిడ్డకు అవయవ లోపాలు తెచ్చే మందు అది. గర్భం అనుకోవడానికి కనీసం ఆరు వారాల ముందే దాన్ని ఆపి అజాథయోప్రిన్‌కి మార్చాలి. మార్పిడి అయి ఏడాదైనా గడవాలి, లెవెల్ నిలకడగా ఉండాలి. టాక్రోలిమస్, అజాథయోప్రిన్‌లతో ఆరోగ్యంగా బిడ్డల్ని కన్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. కానీ ఆ మాట పెళ్లికి ముందే డాక్టరు అమ్మాయితో విడిగా చెప్పాలి. గర్భం అని తెలిసి భయపడి అన్ని మాత్రలూ ఒకేసారి మానేసే పరిస్థితి రాకూడదు. అలా మానేస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పే.

ఇంతా చేసి ఒక కిడ్నీ పోతే ఇంకోటి పెట్టించుకోవచ్చు కదా అన్న మాట తరచూ వినబడుతుంది. బతికున్న దాత ఇచ్చిన కిడ్నీ సగటున పదిహేను, ఇరవై ఏళ్లు నడుస్తుంది కాబట్టి ఇరవై ఏళ్ల వాడికి జీవితంలో రెండు మూడు కిడ్నీలు అవసరమవడం సహజమే. చిక్కేమిటంటే రెండోది మొదటిదంత సులువు కాదు. పోయిన కిడ్నీ మిగిల్చిన యాంటీబాడీలు రక్తంలో ఉంటాయి, వాటితో సరిపడే దాత దొరకడం గగనం. ఉద్దానంలో ఇది మరీ చిక్కు. మొదటిది అమ్మ ఇచ్చేసింది. 1994 చట్టం దగ్గరి బంధువుల్నే నేరుగా అనుమతిస్తుంది, 2011 సవరణతో తాత, అమ్మమ్మ, నాయనమ్మలు కూడా చేరారు. కానీ నాన్న అదే తోటలో, అదే ఎండలో, అదే నీళ్లు తాగి ముప్పై ఏళ్లు పనిచేసినవాడు. అన్న కూడా అంతే. వాళ్ల క్రియాటినిన్ ఇవాళ బాగున్నా రేపు ఎలా ఉంటుందో చెప్పలేని ఊళ్లో వాళ్ల నుంచి ఒక కిడ్నీ తీయొచ్చా? ఏ నెఫ్రాలజిస్టుకైనా చెమట పట్టించే ప్రశ్న. ఇంక మిగిలేది జీవన్‌దాన్ జాబితా, బ్రెయిన్ డెడ్ దాతల కోసం ఎదురుచూపు. అందుకని ఉద్దానంలో మొదటి కిడ్నీ విలువ ఇంకెక్కడికంటే ఎక్కువ.

తుపాన్ల సంగతి చిన్నదిగా అనిపించవచ్చు గానీ కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటింది పలాస పక్కనే. కొబ్బరి చెట్లు, జీడి తోటలు పడిపోయాయి, కరెంటు, రోడ్లు రోజుల తరబడి లేవు. అలాంటి వారంలో మాత్రల స్ట్రిప్ అయిపోతే కాశీబుగ్గ దాకా వెళ్లినా టాక్రోలిమస్ దొరుకుతుందన్న నమ్మకం లేదు, పారాసెటమాల్ కాదు కదా ప్రతి షాపులో ఉండటానికి. దొరికినా వేరే కంపెనీది దొరుకుతుంది, కంపెనీ మారితే లెవెల్ మళ్లీ చూపించుకోవాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఇంట్లో కనీసం రెండు వారాల మాత్రలు అదనంగా ఉంచుకోమని చెప్పడానికి, అలా ముందుగా ఇవ్వడానికి వీలుండేలా సరఫరా నిబంధనలు సడలించడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు.

అలాగే ఆ ఎనిమిది గంటల రక్తం సంగతి. టాక్రోలిమస్ కోసం తీసిన రక్తం చల్లగా ఉంచితే కొన్ని రోజులు చెడదు. మిషన్ విశాఖలోనే ఉండనీ, ఫర్వాలేదు. పలాసలో, టెక్కలిలో, విజయనగరంలో పొద్దున ఎనిమిదికి రక్తం తీసి ఐసు డబ్బాలో పెట్టి మధ్యాహ్నం రైలుకి పంపితే చాలు. ఇచ్ఛాపురం కుర్రాడు ప్యాసింజరెక్కి పలాసలో దిగి, చెయ్యి చాపి, అక్కడే మాత్ర మింగి, పదింటికల్లా తిరుగు బండి పట్టుకుంటాడు. రాత్రి ఎవరింట్లోనూ పడుకోనక్కర్లేదు. మర్నాడు సాయంత్రం ఆ అంకె ఫోన్‌లో చెప్పాల్సింది తండ్రికి కాదు, ఆ కుర్రాడికే.